అక్టోబర్‌లో జర్మనీ వస్తున్నాను, ముందు ఏం చూసుకోవాలి?

అందరికీ నమస్తే. మాది ఖమ్మం. అక్టోబర్ నుంచి మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్. ఇంతవరకు ఇల్లు వదిలి ఎక్కడా ఉండలేదు. చలి కంటే ఒంటరితనమే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. అన్నలు, అక్కలు కాస్త చెప్పండి.

జవాబు, లైప్‌జిగ్ నుంచి:

తమ్ముడూ, ముందు గది సంగతి. ఏ గది చూసినా "ఆన్‌మెల్డుంగ్ (అడ్రస్ నమోదు) అవుతుందా?" అని అడుగు. అవ్వదంటే అద్దె ఎంత తక్కువైనా వద్దు. ఇంట్లో దిగిన రెండు వారాల్లో సిటీ ఆఫీసులో అడ్రస్ నమోదు చేసుకోవాలి, దానికి ఓనర్ సంతకం పెట్టిన కాగితం కావాలి. పన్ను నంబరు, రెసిడెన్స్ పర్మిట్ అన్నీ దాని తర్వాతే. గది చూపించకుండా ఇండియా నుంచే డిపాజిట్ పంపమంటే అస్సలు పంపకు.

తాళంచెవి చేతికొచ్చిన రోజే కింద పోస్టు డబ్బా మీద నీ పేరు అతికించు, పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరుతో సహా. ఇక్కడ పోస్టు తెచ్చేవాళ్లు డబ్బా మీద పేరు చూసే వేస్తారు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. బ్యాంకు కార్డు, ఇన్సూరెన్స్ కార్డు వచ్చేది పోస్టులోనే.

ఒంటరితనం సంగతికొస్తే, అక్టోబర్ హడావిడిలోనే గడిచిపోతుంది. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికల్లా చీకటి పడుతుంది. ఆదివారం షాపులు కూడా ఉండవు. గదిలో ఫోన్ పట్టుకుని కూర్చుంటే మనసు బాగా కుంగిపోతుంది. అందుకే ఆలోపే మనుషుల్ని సంపాదించుకో. యూనివర్సిటీలో హోఖ్‌షూల్‌స్పోర్ట్ అని ఆటల క్లాసులుంటాయి, ఫీజు తక్కువే. వాలీబాలో, బ్యాడ్మింటనో ఒకటి పట్టుకో. ఇక్కడివాళ్లు మొదట్లో ముభావంగా ఉంటారు, వారం వారం అదే ముఖం కనబడితే వాళ్లే పలకరిస్తారు. నేను ఇల్లు మారినప్పుడు మంచం మోయడానికి వచ్చింది నాతో ఆడేవాళ్లే.

జవాబు, డ్రెస్డెన్ నుంచి:

అన్న చెప్పినవన్నీ నిజం. అలాగని మనవాళ్లకి దూరంగా ఉండకు తమ్ముడూ. జ్వరమొస్తే చారు కాచి తెచ్చేది మనవాళ్లే.

చలికాలంలో మనకంటే ఇండియా నాలుగున్నర గంటలు ముందు. క్లాసులయ్యాక ఆరింటికి ఫోన్ చేస్తే అమ్మకి రాత్రి పదిన్నర. మధ్యాహ్నం భోజనం టైంలో చెయ్యి. దిగులుగా ఉంటే ఉన్నట్టే చెప్పు, ఆవిడకి నీ గొంతులోనే తెలిసిపోతుంది.

కష్టం ఉంది కానీ ఫలితం కూడా ఉంది. మా నాన్న వచ్చినప్పుడు రైలు రద్దయింది. నేను కౌంటర్‌లో జర్మన్‌లో మాట్లాడి ఇంకో రైలు చూసుకుని వచ్చాను. ఊరెళ్లాక ఆయన ఆ సంగతి చుట్టాలందరికీ చెప్పారు. చదువు ఇంగ్లిష్‌లోనే అయినా ఇప్పటినుంచే జర్మన్ మొదలుపెట్టు.

బియ్యం, కందిపప్పు ఇక్కడ దొరుకుతాయి, మోసుకురాకు. ఆవకాయ, గోంగూర సరే. నెయ్యి, కోవా, చికెన్ పచ్చడి మాత్రం పెట్టుకోకు. మాంసం, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు.

మాగ్డెబర్గ్‌లో ఎవరైనా ఉంటే పలకండి, తమ్ముడికి మొదటి వారం తోడుంటే బాగుంటుంది.