తెలుగులో రాసేవాళ్లకి లిటరరీ ఏజెంట్ అవసరమా?

మున్నేటి ఒడ్డు:
నమస్కారం. మాది ఖమ్మం దగ్గర పల్లె, నేను టీచర్ని. బడి పని, ఇంటి పని అయ్యాక రాత్రిళ్లు కూర్చుని నాలుగేళ్లలో ఒక నవల పూర్తి చేశాను. అచ్చులో 280 పేజీలు వస్తుందనుకుంటున్నాను. పోయిన నెల ఒకాయన ఫోన్ చేసి, తాను లిటరరీ ఏజెంట్‌నని, అంటే రచయిత తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే మనిషినని చెప్పారు. ఒక్క పేజీ కూడా చదవకుండానే "మీ నవల పెద్ద హిట్ అవుతుంది మేడమ్" అన్నారు. ఎడిటింగ్, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య), పబ్లిసిటీ అన్నీ కలిపి 45,000 అడిగారు. సగం పంపేశాను. అప్పటినుంచి ఫోన్ ఎత్తడం లేదు. డబ్బు సంగతి అలా ఉంచితే, ఒక మాట తెలుసుకోవాలని ఉంది. అసలు తెలుగులో ఏజెంట్ అనే మనిషి అవసరమా, లేక ఇంగ్లీషు వాళ్ల పద్ధతి చూసి మనం మోసపోతున్నామా?

పాత అచ్చు:
అమ్మా, ముందు మీ డబ్బు విషయం. ఐఎస్‌బీఎన్‌కి మన దేశంలో రూపాయి కూడా కట్టక్కర్లేదు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెడితే ఉచితంగా ఇస్తారు. దానికి డబ్బు అడిగాడంటే ఆ మనిషి ఏజెంట్ కాదు. లండన్‌లో 19వ శతాబ్దం చివర్లో ఏ.పి. వాట్ అనే ఆయన 10 శాతం కమీషన్ మీద ఈ వృత్తిని నిలబెట్టాడు. ఇప్పుడు మామూలుగా 15 శాతం, విదేశీ హక్కులైతే 20 దాకా తీసుకుంటారు. రచయితకి డబ్బు వస్తేనే ఏజెంట్‌కి వస్తుంది. చదివినందుకు ముందే ఫీజు అడగకూడదని బ్రిటన్, అమెరికాల్లో ఏజెంట్ల సంఘాలే నియమం పెట్టుకున్నాయి.

ఇక మీ ప్రశ్న. నేను విజయవాడలో పుస్తకాల అచ్చు పనిలోనే జీవితమంతా గడిపాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, తెలుగులో ఏజెంట్ నిలబడడు. లెక్క వేసి చూడండి. మీ నవల ధర 250 రూపాయలు, 500 కాపీలు వేశారనుకుందాం. అన్నీ అమ్ముడుపోతే లక్షా పాతికవేలు. 10 శాతం రాయల్టీ అంటే మీకు 12,500. అందులో 15 శాతం ఏజెంట్‌ది, అంటే 1,875 రూపాయలు. ఆ డబ్బు కోసం ఒక మనిషి 280 పేజీలు చదవాలి, మార్పులు చెప్పాలి, నలుగురు ప్రచురణకర్తల చుట్టూ తిరగాలి, ఆ తర్వాత రెండేళ్లు లెక్కలు అడుగుతూ ఉండాలి. ఎవరు చేస్తారు? కమీషన్ మీద బతకలేడు కాబట్టే, ఏజెంట్ పేరు పెట్టుకున్నవాడు రచయిత జేబులో చెయ్యి పెడతాడు.

వారపత్రికలు బాగా నడిచిన రోజుల్లో ఆ పని ఎడిటర్లు చేశారు. సీరియల్ వేసేవారు, పాఠకుల ఉత్తరాలు చూసి ప్రచురణకర్త తనంతట తానే వచ్చేవాడు. 2020లో కరోనా వచ్చాక కొన్ని పత్రికల అచ్చు ఆగింది, ఆ దారీ ఇరుకైంది. అయినా దానికి మందు ఏజెంట్ కాదు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికో, డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కో వెళ్లండి. స్టాల్‌లో నిలబడి ఎవరు ఎలాంటి పుస్తకాలు వేస్తున్నారో చూడండి. మీ నవల స్వభావానికి దగ్గరగా ఉన్నవాళ్లతో నేరుగా మాట్లాడండి.

లిపి:
పాత అచ్చు గారూ, మీ లెక్క తప్పని అనను. కానీ మీరు లెక్కలో పెట్టింది తెలుగు అచ్చు పుస్తకం ఒక్కటే. నేను తెలుగు నుంచి ఇంగ్లీషుకి అనువాదాలు చేస్తాను. నవల అంటే ఒక హక్కు కాదు, హక్కుల కట్ట. అచ్చు, ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ అన్నీ అందులో ఉన్నాయి. వాటిని విడదీసి, ఒక్కోదాన్ని తగినవాడికి తగిన కాలానికి ఇప్పించడమే ఏజెంట్ అసలు పని. మనం దాన్ని మర్చిపోయి, ప్రచురణకర్తని వెతికిపెట్టే మనిషి అనుకుంటున్నాం.

పక్కనే ఉన్న కన్నడం చూడండి. బాను ముష్తాక్ గారు దశాబ్దాలుగా కథలు రాస్తున్నారు. దీపా భస్తి గారు వాటిలో 12 కథల్ని ఇంగ్లీషులోకి తెచ్చారు, ఆ అనువాదానికి ఇంగ్లీష్ పెన్ సంస్థ గ్రాంటు వచ్చింది, బ్రిటన్‌లో ఒక చిన్న ప్రచురణ సంస్థ వేసింది. ఇంగ్లీషు అనువాదాలకి ఇచ్చే ఇంటర్నేషనల్ బుకర్‌ని 2025లో ఆ పుస్తకం గెలిచింది. 50,000 పౌండ్ల బహుమతిని రచయిత్రి, అనువాదకురాలు సమానంగా పంచుకున్నారు. అలాంటి కథలు తెలుగులో లేవా? ఉన్నాయి. బయటివాళ్ల బల్ల మీదికి వాటిని చేర్చే మనిషే మనకి లేడు. నాకు చాలా బాధగా ఉండేది ఇక్కడే.

ఢిల్లీలో రైటర్స్ సైడ్, రెడ్ ఇంక్, జైపూర్‌లో సియాహీ లాంటి ఏజెన్సీలు ఉన్నాయి. వాళ్లు ఎక్కువగా ఇంగ్లీషులోనే చదువుతారు. కాబట్టి తెలుగు రచయిత ముందు 30, 40 పేజీల మంచి అనువాదం సిద్ధం చేసుకోవాలి. దానితో ఒక పేజీ ఉత్తరం, ఒకటి రెండు పేజీల్లో కథాసారం. చాలామంది సారంలో ముగింపు దాచి "మిగతాది చదివి తెలుసుకోండి" అని రాస్తారు. అలా చెయ్యొద్దు. ముగింపు ఎలా కుదిరిందో తెలియకుండా ఏ ఏజెంటూ నిర్ణయం తీసుకోడు. ఉత్తరంలో మీ కవితా పురస్కారాల జాబితా కంటే, ఈ నవల ఎవరి గురించి, వాళ్లకి ఏం కావాలి, ఏది అడ్డొస్తోంది అన్నది నాలుగు వాక్యాల్లో ఉండాలి. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి నాకు తెలిసిన ఒక రచయితకి నెల పట్టింది.

పల్లేరుకాయ:
లిపి గారూ, ఆ 40 పేజీల అనువాదానికి డబ్బు ఎవరు పెట్టాలి? మళ్లీ రచయితే కదా. ఊళ్లో ఉన్న టీచర్‌కో రైతుకో అది అందే పనేనా?

లిపి:
న్యాయమైన ప్రశ్న అండీ. నేను ఇద్దరికి డబ్బు తీసుకోకుండా చేశాను, అందరికీ చేయలేను. అనువాదకుడు ఆ నవలని నిజంగా ఇష్టపడితే, పుస్తకం కుదిరాక వచ్చేదాంట్లో వాటా మాట్లాడుకుని మొదలుపెట్టొచ్చు. ఆ మాట కాగితం మీద మాత్రం ఉండాలి.

వేపచెట్టు:
కాగితం అన్నారు కాబట్టి నా సంగతి చెబుతాను. 2016లో నా మొదటి నవల వచ్చింది. ఒక పేజీ ఒప్పందం, అందులో "సర్వహక్కులూ ప్రచురణకర్తవి" అని ఒక లైను. పుస్తకం వస్తోందన్న సంతోషంలో సంతకం చేశాను. మూడేళ్ల తర్వాత ఒక వెబ్ సిరీస్ వాళ్లు కథ కొన్నారు. నాకు ఆ విషయం వేరేవాళ్ల ద్వారా తెలిసింది. పైసా రాలేదు. డబ్బు కంటే, నా పాత్రల గురించి ఎవరూ నన్ను ఒక్క మాట అడగలేదన్నది ఇప్పటికీ గుచ్చుతుంది.

తర్వాత కూర్చుని 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చదివాను. హక్కుల బదిలీ రాతలో ఉండాలి, సంతకం ఉండాలి, ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత రాయల్టీ అన్నవి స్పష్టంగా ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఇచ్చిన హక్కుని ఏడాదిలో వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా లేనప్పుడు, అది చెల్లకుండా పోతుంది. ఇవి నాకు ముందే తెలిస్తే ఆ రోజు "తెలుగు అచ్చు హక్కు, ఐదేళ్లు, ఒక ముద్రణ" అని రాయించుకునేదాన్ని. కాపీరైట్ రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. నా మనవలదాకా చెందేదాని గురించి ఏమీ ఆలోచించకుండా నేను ఆ ఒక్క లైను కింద సంతకం పెట్టాను.

అందుకని నా మాట ఏమిటంటే, తెలుగు రచయితకి ఇవాళ కావాల్సింది సంతకానికి ముందు ఆ కాగితం చదివిపెట్టే మనిషి. అది ఏజెంట్ కావచ్చు, తెలిసిన వకీలు కావచ్చు, ముందు దెబ్బతిన్న రచయిత కావచ్చు.

పాత అచ్చు:
వేపచెట్టు గారూ, మీకు జరిగింది అన్యాయం. మా రంగంలో ఆ ఒక్క లైను ఒప్పందాలు నేనూ చూశాను, చూసి ఊరుకున్నాను కూడా. సినిమా, అనువాదాల దగ్గర మీ ఇద్దరి మాట ఒప్పుకుంటాను. కానీ ఎన్ని తెలుగు నవలలకి ఆ అవకాశం వస్తుంది? మొదటి నవల రాసినవాళ్లకి ఏజెంట్ అన్న ఆశ చూపిస్తే, మున్నేటి ఒడ్డు గారికి ఫోన్ చేసినవాడి లాంటివాళ్లే ముందు తయారవుతారు. ఈ మాట మీద మాత్రం నేను వెనక్కి తగ్గను.

మున్నేటి ఒడ్డు:
అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక ఆయన వాట్సాప్‌లో పంపిన అగ్రిమెంట్ మళ్లీ తెరిచాను. వేపచెట్టు గారు చెప్పిన లైనే ఉంది, "అన్ని భాషల్లో, అన్ని మాధ్యమాల్లో" అని ఇంకో ముక్క కూడా కలిపారు. అదృష్టవశాత్తూ సంతకం పెట్టలేదు, డబ్బు మాత్రమే పంపాను. ఇవాళ డబ్బు తిరిగి ఇమ్మని రాతపూర్వకంగా అడిగాను, బ్యాంకు రసీదు జత చేశాను. లిపి గారూ, ఒక సందేహం. నా నవల ఖమ్మం మాటలో ఉంటుంది, మూడో అధ్యాయం మొత్తం ఆడవాళ్లు మిరప కోతకి వెళ్తూ మాట్లాడుకునేదే. నమూనా అనువాదానికి దాన్ని ఇవ్వనా, మొదటి అధ్యాయమే ఇవ్వాలా?

లిపి:
మొదటి అధ్యాయంతోనే మొదలుపెట్టాలి, ఏజెంట్లు మొదటి పేజీ నుంచే చదువుతారు. కానీ ఆ మూడోది నాకు పంపండి, చదవాలని ఉంది.