రెండో తరగతి ప్రాజెక్టులు: పిల్లల చదువా, అమ్మల హోంవర్కా?

పటమట_అమ్మ:
మా వాడు ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి. శుక్రవారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది: సోమవారానికి సౌర కుటుంబం మోడల్ తేవాలట. ఏడేళ్ల పిల్లాడి చేతికి థర్మోకోల్ కోసే కటర్ ఇవ్వలేను కదా. నేను కోశాను, వాళ్ల నాన్న రంగులేశారు, వాడు గ్లూ పూసుకుని వేళ్లు అంటించుకున్నాడు. స్కూలు పేజీలో మాత్రం "మా చిన్నారుల సృజన" అని ఫొటో! ఫీజులో దీనికి వేరే లైను కూడానూ. ఇవన్నీ ఎత్తేయమని అడిగితే తప్పా?

సత్యనారాయణపురం_తాతయ్య:
అడగమ్మా, తప్పేముంది. మా మనవరాలు మూడో తరగతి. రంగు కాగితంతో సీతాకోకచిలుకని ముచ్చటగా కత్తిరిస్తుంది. ఏడెనిమిదులు ఎంతే అంటే మాత్రం వేళ్లు మడుస్తుంది. మా కాలంలో బడి వదిలే ముందు అందరం నిలబడి ఎక్కాలు అప్పజెప్పేవాళ్లం. ఇప్పటికీ కూరగాయల బండి దగ్గర నాకు ఫోను అక్కర్లేదు.

భవానీపురం_నాన్న:
మొత్తం ఎత్తేయమంటే కుదరదండీ. పిల్లలు కృత్యాల ద్వారా, తామే కనుక్కుంటూ నేర్చుకోవాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే ఉంది. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశగా తీసుకుని, ఆటపాటలతో నేర్పమంది. థర్మోకోల్ మాట మాత్రం ఏ చట్టంలోనూ లేదు. అది స్కూళ్ల సొంత పైత్యం.

గుంటూరు_టీచరమ్మ:
నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని. మా క్లాసు సామగ్రి చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు. రెండో తరగతిలో 42లోంచి 17 తీసేయమంటే చాలామంది 35 అని వేస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేస్తారు, వాళ్ల తర్కం వాళ్లది. "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని బోర్డు మీద చెబితే చేస్తారు గానీ, ఎందుకు చేస్తున్నారో తెలియదు.

అందుకని నాలుగు పదుల కట్టలు, రెండు విడి పుల్లలు చేతికిచ్చి, నాకు పదిహేడు ఇవ్వమంటాను. ఒక కట్ట ఇచ్చేస్తారు. ఇంకా ఏడు కావాలి, విడివి చూస్తే రెండే. కాసేపు నా మొహం చూస్తారు. ఎవరో ఒకరు ఇంకో కట్ట రబ్బరు బ్యాండ్ లాగేస్తారు. నేను విప్పమని చెప్పను, ఎంతసేపైనా ఆగుతాను. చివరికి రెండు కట్టలు, ఐదు పుల్లలు మిగులుతాయి. అప్పుడు గానీ నోట్సులో రాయించను.

పటమట అమ్మగారూ, ఆ మోడల్ చేశాక ఎవరికి ఏం వచ్చింది? బంతులు ఏ షాపులో దొరుకుతాయో వచ్చింది, అదీ మీకు.

తాతగారూ, ఎక్కాలు మానమని నేనూ అనను. పలక మీద చింతగింజలు ఏడు వరసలు, వరసకి ఎనిమిది పేర్పిస్తాను. పలకని అడ్డంగా తిప్పితే అవే ఎనిమిది ఏడులు. అది కళ్లారా చూశాక బట్టీ పట్టిస్తాను.

సత్యనారాయణపురం_తాతయ్య:
చింతగింజల సంగతి బాగుందమ్మా. కానీ గది నిండా పిల్లలుంటే ఆ పుల్లలతో కత్తియుద్ధాలే కదా?

గుంటూరు_టీచరమ్మ:
అవుతాయండీ, మొదటి వారం అదే జరుగుతుంది! నలుగురైదుగురికి ఒక గుంపు పెట్టి, పుల్లలు లెక్క చూసి ఇచ్చి, లెక్క చూసి వెనక్కి తీసుకోవాలి. ప్రాథమిక స్థాయిలో 30 మందికో టీచరు ఉండాలని చట్టం. ఒక్క టీచరే అన్ని తరగతులూ చూసే బళ్లలో అయితే ఇంకా కష్టం. అలాంటి చోట్లకే మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు కార్డుల పద్ధతి తయారుచేశారు. పిల్లలు ఎవరి మెట్టు మీద వాళ్లుంటూ కార్డు తర్వాత కార్డు పూర్తిచేసుకుంటారు. ఖర్చు కన్నా ఓపిక ఎక్కువ కావాలి.

మా వాళ్లనూ అనాలి లెండి. టీఎల్ఎం మేళా, అంటే టీచర్లు చేసిన బోధన సామగ్రి ప్రదర్శన, దానికని రాత్రంతా కూర్చుని చార్టులు చేసి, లామినేషన్ చేయించి గోడకి కొడతాం. పిల్లలు ముట్టుకుంటే కసురుతాం.

ఇబ్రహీంపట్నం_బాబాయ్:
కొండపల్లి మనకి పక్కనే కదా, ఒకసారి బస్సులో తీసుకెళ్లమనండి. తెల్ల పొణికి కర్ర చెక్కడం, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో బొమ్మలకి చేతులూ కాళ్లూ అతికించడం దగ్గర నుంచి చూస్తే ఆ పిల్లలు అడిగే ప్రశ్నలకి టీచర్లకే చెమటలు పడతాయి. కాకపోతే ఊరికే సెల్ఫీలు దిగి రాకూడదు.

పటమట_అమ్మ:
పేరెంట్స్ మీటింగులో అడుగుతాను: మోడల్ ఏదైనా సరే, ఇంటికి పంపకుండా క్లాసులోనే పిల్లల చేత చేయించండి, వంకరగా వచ్చినా మాకు ఫరవాలేదు అని. గ్రూపులో ఇంకో నలుగురు అమ్మలు కూడా సరేనన్నారు.

భవానీపురం_నాన్న:
నోటిమాటగా వద్దండీ, కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టి ఇవ్వండి. లేకపోతే "చూస్తాం మేడమ్" దగ్గరే ఆగిపోతుంది.

సత్యనారాయణపురం_తాతయ్య:
అందులోనే ఎక్కాల గురించి కూడా ఒక ముక్క రాయమ్మా.