పై మిద్దెలో గేమ్ కన్సోల్‌కు వైఫై నిలవడం లేదు: గోడ తొలిచి కేబుల్ లాగాలా, మెష్ పెట్టాలా?

కొర్లగుంట అద్దెదారు:
తిరుపతి కొర్లగుంటలో పై మిద్దెలో అద్దెకు ఉంటున్నాము. యజమాని గారు కింద ఉంటారు. ఫైబర్ కనెక్షన్ వారిది, బిల్లులో సగం మాది. రూటర్ వారి మెట్ల కింద ఇన్వర్టర్ పక్కన ఉంది. పగలు బాగానే నడిచే ఆట రాత్రి తొమ్మిది దాటితే తెగిపోతోంది. బంతి నా ఆటగాడి కాలి దగ్గర ఆగిపోతుంది, తెర మళ్లీ కదిలే సరికి మాకు గోల్ పడి ఉంటుంది. స్పీడ్ టెస్టులో మాత్రం ఎనభై ఎంబీపీఎస్ చూపిస్తోంది. గోడ తొలిచి కేబుల్ లాగడమా, వైఫైని మధ్యలో అందుకుని ముందుకు పంపే మెష్ పెట్టె పెట్టడమా, ఏది మేలో తెలిసినవారు చెప్పగలరు.

గిరింపేట వైరింగ్:
ఇందులో ఆలోచించవలసింది ఏమీ లేదు, కేబుల్ లాగించండి. ఆటకు వేగం అక్కరలేదు, చాలా ఆటలకు ఒక ఎంబీపీఎస్ కూడా పట్టదు. ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, వేళ తప్పకుండా రావడమే ముఖ్యం. వైఫైలో ఒక ఛానల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి కాబట్టి, అదే ఛానల్‌లో పక్కింటి రూటర్ మాట్లాడుతున్నంతసేపు మీది నోరు మూసుకోవలసిందే. వైఫై వాడే బ్యాండుల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే, ఇక ఆ ఇరుకు వీధిలో రాత్రి పూట వాటి మీద ఎన్ని ఇళ్లుంటాయో ఊహించుకోండి. క్యాట్ 5ఈ కేబుల్ వంద మీటర్ల వరకు గిగాబిట్ మోస్తుంది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ అంటగడతారు, అచ్చమైన రాగిదే అడిగి తీసుకోండి. కరెంటు తీగలున్న పైపులో మాత్రం దూర్చకండి.

అలిపిరి దారి:
బయటి గోడ మీద వేస్తే పైపులో వేయించండి, మా వైపు కోతులు దేన్నీ ఉంచవు.

ఎమ్మార్‌పల్లి మెష్:
కేబుల్ అనడం తేలిక, అద్దె ఇంట్లో స్లాబు తొలిచేది ఎవరండీ? 5 గిగాహెర్ట్జ్‌కు మారితే ఇరుగుపొరుగు రూటర్ల గోల చాలావరకు వదులుతుంది. మన దేశంలో 2018లో ఆ బ్యాండులో లైసెన్సు లేకుండా వాడుకోగల భాగాన్ని బాగా పెంచారు, అందుచేత ఛానళ్లకు కొరత లేదు. అది స్లాబు దాటడం కష్టమన్నది నిజమే, కాబట్టే మెట్ల మలుపులో ఒక మెష్ పెట్టె ఉంచమంటున్నాను.

తిరుచానూరు రోడ్డు:
ముందు జబ్బు ఏ సగంలో ఉందో తేల్చుకోండి. ఆట తెగుతున్న వేళలోనే లాప్‌టాప్‌లో రెండు కిటికీలు తెరిచి, ఒకదానిలో మీ రూటర్ చిరునామాకు, రెండవదానిలో బయటి సర్వరుకు పింగ్ (చిన్న ప్యాకెట్టు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం చూపే పరీక్ష) నడపండి. మొదటిది ఎగిరిపడితే లోపం ఇంటి గాలిలో ఉన్నట్టు. మొదటిది నిలకడగా ఉండి రెండవది మాత్రమే ఎగిరితే అది రూటర్ అవతలి సంగతి.

గిరింపేట వైరింగ్:
మెష్ పెట్టె మళ్లీ గాలిలోనే కదా రూటర్‌తో మాట్లాడేది? ప్రతి ప్యాకెట్టు రెండు గెంతులు వేయాలి. నేను ఇల్లు కట్టినప్పుడు గదికొక కన్సీల్డ్ పైపు వేయించాను, అయినా పై భాగంలో ఉన్నవారు నన్ను అడగకుండా కిటికీ ఫ్రేము తొలిచారు, వానాకాలమంతా నీళ్లు దిగాయి.

ఎమ్మార్‌పల్లి మెష్:
మీరు యజమానులా, ఇప్పుడు అర్థమైంది. నేను మా పాత ఇంట్లో చూపుడు వేలంత రంధ్రం వేసినందుకు, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పడింది. సిమెంటు పెట్టి పూడ్చి, రంగు వేసి చూపించినా వినలేదు. పైగా ఆ రంధ్రం మీద ఆయన ఏసీ పైపు వేసుకున్నారు.

బాలాజీ కాలనీ:
కన్సోల్ నెట్‌వర్క్ పరీక్షలో నాట్ (ఇంటి పరికరాలన్నిటినీ ఒకే చిరునామాతో బయటకు పంపే రూటర్ పని) టైప్ 3, అంటే బయటి ఆటగాళ్లతో సరిగా కలవనివ్వని రకం, అని వస్తోందేమో చూడండి.

కొర్లగుంట అద్దెదారు:
టైప్ 2 అనే వస్తోంది, మామూలు రకమే. కన్సోల్ సంగతి చెప్పడం మరిచాను, అది 2013లో వచ్చిన మొదటి రకం పీఎస్4, పాతది కొన్నాను.

గిరింపేట వైరింగ్:
ఆ మోడల్‌కు 5 గిగాహెర్ట్జ్ లేనే లేదు. 2016లో వచ్చిన స్లిమ్, ప్రో మోడళ్లతోనే అది మొదలైంది. ఇంతసేపూ సాగిన 5 గిగాహెర్ట్జ్ ఉపన్యాసం ఎవరి కోసమో మరి.

ఎమ్మార్‌పల్లి మెష్:
మెష్ పెట్టెను టీవీ పక్కన పెట్టి, దాని వెనక ఉన్న లాన్ పోర్టు నుంచి కన్సోల్‌కు మూరెడు కేబుల్ తగిలిస్తే సరిపోతుంది, గాలిలో జరిగే ప్రయాణమంతా 5 గిగాహెర్ట్జ్ మీదే సాగుతుంది. మీకు తెలియక కాదు, అద్దెదారు చెప్పినది నెగ్గకూడదని మీ పట్టుదల.

గిరింపేట వైరింగ్:
అద్దెదారు అన్నందుకు కాదు. ఇల్లు ఒకరిది, తొలిచే చెయ్యి ఇంకొకరిది అయితే అడగాలి అంటున్నాను, అంతే.

తిరుచానూరు రోడ్డు:
పింగ్ చూశారా?

కొర్లగుంట అద్దెదారు:
నిన్న రాత్రి చూశాను. రూటర్‌కు పింగ్ అయిదు మిల్లీసెకన్లు దాటలేదు. బయటి సర్వరుకు మామూలుగా నలభై ఉండేది నాలుగు వందలకు పోయింది. కిందికి వెళ్లి రూటర్ ముందు నిలబడి చూసినా అంతే. యజమాని గారి అబ్బాయి పెళ్లి ఫోటోలు తీస్తారు, రోజూ రాత్రి భోజనమయ్యాక ఫైళ్లన్నీ క్లౌడ్‌కు ఎక్కిస్తారట.

తిరుచానూరు రోడ్డు:
అయితే మీరు కేబుల్ వేసినా, మెష్ పెట్టినా ఆ నాలుగు వందలు తగ్గవు. అప్‌లోడ్ దారి నిండిపోయినప్పుడు రూటర్ మిగిలిన ప్యాకెట్లను పారేయకుండా తన దగ్గర వరుసలో నిలబెడుతుంది, మీ ఆట ప్యాకెట్టు ఆ ఫోటోల వెనక నిలబడుతుంది. సర్వదర్శనానికి కంపార్ట్‌మెంట్లు పెంచితే ఎక్కువ మంది కూర్చుంటారే గాని దర్శనం త్వరగా కాదు, ఇక్కడా ప్యాకెట్లు వరుసలో నిలబడే చోటు, అంటే బఫరు, ఎంత పెద్దదైతే నిరీక్షణ అంత ఎక్కువ. ఎస్‌క్యూఎం (ఈ వరుసను అదుపులో ఉంచే ఏర్పాటు) ఉన్న రూటర్ తీసుకుని, అప్‌లోడ్ హద్దును లైను అసలు వేగానికి పదిశాతం తక్కువగా పెట్టండి. అప్పుడు వరుస మీ రూటర్‌లోనే ఏర్పడుతుంది, అది చిన్న ప్యాకెట్లను ముందు వదులుతుంది.

గిరింపేట వైరింగ్:
వారికి అది జీవనోపాధి. కుర్రవాడి పని నెమ్మదించి మీరు ఆడుకోవడమేమిటి? వేరే కనెక్షన్ పెట్టించుకోండి.

ఎమ్మార్‌పల్లి మెష్:
సగం బిల్లు కట్టేవారు తొమ్మిది గంటల తర్వాత అడుక్కోవాలా? ఈ మాట మొదటే చెప్పి ఉంటే కేబుల్ గురించి ఇంత వాదన ఉండేది కాదు. మీ దృష్టిలో ఇల్లు, లైను, రాత్రి వేళ అన్నీ యజమానివే.

తిరుచానూరు రోడ్డు:
ఎవరి పనీ ఆగదు. గంట పట్టే ఫోటోలకు ఆరేడు నిమిషాలు అదనంగా పడుతుంది. రాత్రి వీడియో కాల్ తెగడం లేదా అని ఆ అబ్బాయినే అడిగి చూడండి, తెగుతూనే ఉంటుంది.

కొర్లగుంట అద్దెదారు:
అడిగాను, తెగుతోందట. రూటర్ మార్చడానికి అభ్యంతరం లేదన్నారు. ఫైబర్ కంపెనీ ఇచ్చిన పెట్టెను ఏం చేయాలి?

తిరుచానూరు రోడ్డు:
దానిని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రూటర్ పని మానేసి కనెక్షన్‌ను మాత్రమే దాటించేలా, పెట్టమని కంపెనీ వారిని అడగండి, లేకపోతే రెండు నాట్‌లు ఒకదాని వెనక ఒకటి పడి ఆటగాళ్లు మాట్లాడుకునే పార్టీ చాట్ కలవకపోవచ్చు. మెట్ల కింద ఇన్వర్టర్ పక్క నుంచి రూటర్‌ను కూడా తీయించండి.

గిరింపేట వైరింగ్:
ఇదంతా చేశాక కూడా ఆ 2.4 మీద మీ పీఎస్4 మధ్యమధ్య తెగకపోతే చెప్పండి. మెట్ల పక్క కిటికీ సందులోంచి కేబుల్ వస్తుంది, తొలచనక్కరలేదు.

ఎమ్మార్‌పల్లి మెష్:
ఈ మాట మొదటి రోజే అని ఉండవచ్చు కదా. అద్దెదారు గారూ, రూటర్ మీరు కొంటే బిల్లు మీ పేరు మీదే రాయించుకోండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో చూసుకుందాం అంటే మాత్రం ఒప్పుకోకండి.