సత్యనారాయణపురంలో పాత రైలు గేటు ఎక్కడ ఉండేది?

విజయవాడ సత్యనారాయణపురంలో మా తాతగారి ఇల్లు ఉన్న చోటు పోల్చుకోలేకపోతున్నాను. 1976లో అమ్మేశారు. ఇల్లు నిలిచి ఉంటుందన్న ఆశ లేదు, ఆ నేల చూపిస్తే చాలంటోంది అమ్మ. ఆమెకు 78 ఏళ్లు.

అమ్మకు తెలిసిన చిరునామా ఒకటే: "బీసెంట్ రోడ్డు నుంచి వస్తూ గేటు దాటాక ఎడమ పక్క రెండో సందు, మూడో ఇల్లు." చిక్కంతా అక్కడే. రైలు పట్టాలు తీసేసి ఆ దారినే బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు కదా, ఇక గేటు ఎక్కడిది! మొన్న జనవరిలో రెండు రోజులు ఆ రోడ్డంతా నడిచాం. ముగ్గురిని అడిగితే మూడు కూడళ్లు చూపించారు.

పాత ఇన్‌లాండ్ ఉత్తరం మీద డోర్ నంబరు ఉంది గానీ, తడిసి చివరి అంకెలు చెదిరిపోయాయి. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచే దొరుకుతోంది. అంతకు ముందువి రిజిస్ట్రేషన్ కార్యాలయంలో వెతికించాలంటే పూర్తి డోర్ నంబరైనా సర్వే నంబరైనా కావాలన్నారు. రెండూ లేవు.

అమ్మ చెప్పిన ఆనవాలు ఇంకొకటి: గేటు పక్కన పెద్ద వేపచెట్టు, దాని కింద సోడా బండి. గేటు వేసినప్పుడల్లా తాతగారు పిల్లలకు రిక్షాలోనే గోళీసోడా ఇప్పించేవారట. గేటు ఎప్పుడు పడుతుందా అని వీళ్లు ఎదురుచూసేవారట!

అప్పట్లో వేపచెట్టు, సోడా బండి ఉన్న ఆ గేటు ఇప్పటి బీఆర్‌టీఎస్ రోడ్డులో ఏ కూడలి దగ్గరకు వస్తుంది?