సీబీటీ అంటే ‘పాజిటివ్‌గా ఆలోచించు’ అని చెప్పడమేనా?

వానచినుకు:
డిప్రెషన్ అన్నా, టెన్షన్ అన్నా ఇప్పుడు అందరూ కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అదే సీబీటీ, తీసుకోమంటున్నారు. మాట్లాడుతూ ఆలోచనలని, అలవాట్లని మార్చే చికిత్సట. అసలే కుంగిపోయి ఉన్న మనిషితో నీ ఆలోచనే తప్పు అంటే ఇంకా కుంగిపోడా? తెలిసినవాళ్లు చెప్పండి.

నిలకడ:
అలా అనరండి. 1960లలో ఈ చికిత్సకి పునాది వేసిన అమెరికా సైకియాట్రిస్టు ఆరన్ బెక్ గమనించింది ఏంటంటే, డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకి కొన్ని ఆలోచనలు టక్కున వచ్చేస్తాయి, నిజమో కాదో చూసుకోకుండానే వాటిని నమ్మేస్తారు. స్నేహితురాలికి మెసేజ్ పెట్టారు, చూసింది, జవాబు లేదు. ‘నేనంటే విసుగొచ్చేసింది’ అని మనసు తేల్చేస్తుంది. థెరపిస్టు ‘అదేం లేదులే’ అని ఊరుకోబెట్టరు, కాగితం మీద రాయిస్తారు: ఏం జరిగింది, ఏమనిపించింది, దాన్ని నూటికి ఎంత నమ్ముతున్నారు, అవుననడానికి ఆధారమేంటి, కాదనడానికేంటి. నమ్మకం 90 నుంచి 60కి దిగినా చాలు, ఫోన్ చేసి అడిగే ధైర్యం వస్తుంది. ఒకవేళ నిజంగానే విసుగొచ్చిందని తేలితే అప్పుడేం చేయాలో మాట్లాడుకుంటారు.

ఎదురుగాలి:
రాసుకుంటేనే తగ్గుతుందని ఎవరన్నారు? 1996లో సైకాలజిస్టు నీల్ జేకబ్సన్ బృందం డిప్రెషన్ ఉన్నవాళ్లలో కొందరికి ఆలోచనల్ని పరీక్షించడంతో సహా పూర్తి చికిత్స ఇచ్చింది, ఇంకొందరిని ఆలోచనల జోలికి పోకుండా రోజువారీ పనుల్లో మాత్రమే మళ్లీ పెట్టింది. ఇద్దరూ దాదాపు ఒకేలా కోలుకున్నారు. పైగా ఆఫీసులో నిజంగా వేధిస్తుంటే ‘ఆలోచన సరిచేసుకో’ అనడం అన్యాయం.

నిలకడ:
ఆ అధ్యయనాన్ని కొట్టిపారేయలేం. కానీ ‘నావల్ల ఏదీ కాదు’ అని మంచం దిగని మనిషి పది నిమిషాలు నడిచొస్తే ఆ నమ్మకం కూడా కాస్త కదులుతుంది కదా, నా దృష్టిలో ఆలోచన గట్టిగా మారేది చేసి చూసినప్పుడే. పానిక్ అటాక్‌లు వచ్చేవాళ్లని చూడండి. దడ రాగానే గుండె ఆగిపోతుందని భయపడతారు. గుండె జబ్బేమీ లేదని డాక్టరు తేల్చాక, థెరపిస్టు తన ఎదుటే వేగంగా ఊపిరి తీయించి కావాలనే ఆ దడ తెప్పిస్తారు. దడ వస్తుంది, కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. వంద మాటలు చెప్పినా రాని నమ్మకం అక్కడ వస్తుంది.

వేధింపు గురించి మాత్రం మీ మాటే నా మాట. ఉన్న సమస్యని భ్రమ అనేవాళ్లు సీబీటీ సరిగ్గా చేయట్లేదు. ఫిర్యాదు చేయాలా, ఉద్యోగం మారాలా అని అక్కడ ప్లాన్ వేసుకోవాలి. పరీక్షించాల్సింది ‘ఇదంతా నా తప్పే’ అన్న ఒక్క ఆలోచననే.

వానచినుకు:
ఇంటి దగ్గర కూడా చేయాలా?

నిలకడ:
చేయాలి, అసలు పని అక్కడే. సెషన్లు మామూలుగా 6 నుంచి 20 ఉంటాయి, మధ్య రోజుల్లో రాసుకోకపోతే, చేసి చూడకపోతే పెద్దగా మిగలదు. లేచి కూర్చునే ఓపిక కూడా లేకపోయినా, చచ్చిపోవాలనిపిస్తున్నా ఆలస్యం చేయకుండా ముందు సైకియాట్రిస్టుని కలవండి. మందులు వాడుతూ కూడా సీబీటీ చేయొచ్చు.