నల్లరేగడి పెరట్లో తరాలు నిలిచే చెట్లు: ఏవి పెట్టాలి, ఎంత దూరంలో?

నంద్యాల పెరడు:
ఇంటికి పడమర వైపు ఉత్తర దక్షిణాలుగా 60 అడుగులు, వెడల్పు 40 అడుగులు ఖాళీ ఉంది. నల్లరేగడి నేల. వానలకు వాయవ్య మూల రెండు మూడు రోజులు నీళ్లు నిలుస్తాయి. ఏప్రిల్‌కల్లా చెయ్యి దూరేంత నెర్రెలు. వేప, చింత, నేరేడు, బంగినపల్లి మామిడి నాలుగూ పెట్టాలని ఉంది, మనవల కాలానికీ ఉండాలి. 3 అడుగుల గుంత తీసి ఎర్రమట్టి నింపమంటున్నారు. సరేనా?

చెట్టునీడ:
ఆ జాగాకు నాలుగు ఎక్కువండీ. రెండు చాలు. చింతకు చింతకు మధ్యే 33 అడుగులు వదులుతారు, మీ జాగాలో అదొక్కటే సగం మింగేస్తుంది. దగ్గర దగ్గరగా పెడితే వెలుగు కోసం సన్నగా పైకి సాగుతాయి, అలాంటివే గాలివానకు ముందు పడతాయి.

వాయవ్య మూల నేరేడు పెట్టండి, రెండు ప్రహరీలకూ 12 అడుగులు వదిలి. పెరిగాక నిలవ నీటిని బాగా ఓర్చుకుంటుంది. పళ్లు రాలి మరకలు పడతాయి కాబట్టి కింద బండలు వేయకండి, బండి నిలపకండి. దానికి దక్షిణంగా 35 అడుగుల దూరంలో వేప. సాయంత్రపు ఎండ ఇంటి గోడకు తగలకుండా కాస్తుంది. మామిడే కావాలంటే వేప మానండి.

ఇంటి పునాదికి 25 అడుగులు తగ్గకూడదు. రేగడి తడికి ఉబ్బి, ఎండితే కుంచించుకుపోతుంది. వేర్లు ఒకే వైపు నీరు లాగేస్తే పునాది కింద మట్టి అటువైపే కుంగి గోడ పగులుతుంది. ప్రహరీకి బీట వస్తే మళ్లీ కట్టుకోవచ్చు, నలభై ఏళ్ల చెట్టును తెచ్చుకోలేం.

గడ్డపార:
రేగడిలో ఎర్రమట్టి నింపకండి. చుట్టూ జిగట మట్టి, మధ్యలో గుల్ల మట్టి ఉంటే గుంత తొట్టిలా మారి, వాన నీరంతా అందులో చేరి వేర్లు కుళ్లుతాయి. వేర్లు కూడా మెత్తటి మట్టిలోనే తిరిగి బయటికి పోవు.

గుంత మే నెలలోనే తీయండి. తడిలో తవ్వితే అంచులు అలికినట్టు నున్నగా అయిపోతాయి. లోతు మొక్క మట్టిగడ్డను మించకూడదు, వెడల్పు 4 అడుగులు. అంచులను గడ్డపారతో గీరండి. తవ్విన మట్టే తిరిగి నింపాలి. అందులో చివికిన పశువుల ఎరువు రెండు గంపలు, వేపపిండి 1 కిలో. మొక్క మొదలు చుట్టుపక్కల నేలకన్నా అర అడుగు ఎత్తులో ఉండేలా గుట్ట వేసి, తొలి మంచి వానలు పడ్డాక నాటండి.

నంద్యాల పెరడు:
8 అడుగుల మొక్కలు దొరుకుతున్నాయి. త్వరగా నీడ వస్తుందని తీసుకోవచ్చా?

గడ్డపార:
వద్దు. 2, 3 అడుగులవి తీసుకోండి. పెద్ద మొక్కలు చాలాకాలం చిన్న కవర్లోనే ఉండిపోతే వేర్లు లోపలే చుట్టలు చుట్టుకుంటాయి. నాటాక అవే లావై, పదేళ్లకు కాండం మొదలునే బిగించేస్తాయి. పైకి ఏమీ కనిపించదు, ఒకరోజు ఈదురుగాలికి మొదలంటా పడిపోతుంది. కవర్ కోసి చూడండి. చుట్టిన వేర్లు పెన్సిల్ కన్నా సన్నగా ఉంటే కత్తిరించి బయటికి పరవండి, లావైతే ఆ మొక్క వెనక్కి ఇచ్చేయండి.

ఊత కర్రలు రెండు, వదులుగా, ఏడాదికి తీసేయండి. గాలికి కదిలితేనే కాండం గట్టిపడుతుంది.

చెట్టునీడ:
నీళ్లు కాండం మొదలుకు ఆనించి పోయకండి. పాదు కాండానికి అడుగు దూరంలో మొదలై, కొమ్మల అంచు దాకా ఉండాలి. చెట్టు పెరిగేకొద్దీ బయటికి జరపండి. తొలి వేసవి ఐదారు రోజులకోసారి 40 లీటర్లు, రెండో వేసవి పది రోజులకు, మూడో వేసవి ఇరవై రోజులకు. ముందు జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కండి, ముద్ద కడితే ఆ రోజు నీళ్లు వద్దు. రోజూ కొంచెం పోస్తే వేర్లు పైపైనే ఉండిపోతాయి.

నెర్రెలు సన్నవేర్లను తెంపేస్తాయి. పొడిమట్టితో పూడ్చి, పైన 4 అంగుళాల ఎండాకు పరవండి, కాండానికి జానెడు వదిలి. బెరడు మీద చెదల మట్టి కనిపిస్తే అప్పటికప్పుడు గీకేయండి.

వేపకు 7 అడుగుల దాకా ఒకే కాండం ఉంచండి. ఇరుకు పంగలుంటే రెండు కొమ్మల్లో ఒకటి చిన్నప్పుడే తీసేయండి. వేలు లావున్నప్పుడు కోస్తే మానుతుంది, తొడ లావయ్యాక కోసిన చోటే కుళ్లు మొదలవుతుంది.