డల్లాస్‌లో బడి: రేటింగ్ చూసి ఇల్లు తీసుకోవాలా?

ప్రసన్న, ఎంవీపీ కాలనీ, వైజాగ్:
అందరికీ నమస్కారం. మే నెలాఖరుకి డల్లాస్ వస్తున్నాం. బాబు ఆగస్టులో నాలుగో తరగతిలో చేరాలి. ఇంటర్నెట్‌లో పదికి పది రేటింగ్ ఉన్న బడి దగ్గర అద్దెలు బాగా ఎక్కువ ఉన్నాయి. ఎనిమిదికీ పదికీ అంత తేడా ఉంటుందా?

శ్రీనివాస్, ప్లేనో:
ప్రసన్న గారూ, లీజు మీద సంతకం పెట్టే ముందు ఆ అడ్రసు ఏ బడి కిందకి వస్తుందో స్కూల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఏజెంటు మాట నమ్మొద్దు. ఇక రేటింగ్ అంటారా, అందులో పెద్ద వాటా టెస్టు మార్కులదే. ప్రభుత్వం ఎలిమెంటరీ బడులకి ఇచ్చే గ్రేడు కూడా టెక్సస్ రాష్ట్రం ఏటా పెట్టే స్టార్ పరీక్ష మీదే నడుస్తుంది. బాగా సంపాదించే కుటుంబాలు ఉన్నచోట మార్కులూ ఎక్కువే వస్తాయి. అందులో బడి నేర్పింది ఎంత, ఇంట్లో నేర్చుకున్నది ఎంత అన్నది ఆ అంకె చెప్పదు.

సుధ, ఫ్రిస్కో:
మీరు అడగలేదు గానీ అమ్మా, ఇది ముందే తెలియాలి. అడ్మిషన్ ఫారంతో పాటు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక కాగితం ఇస్తారు. తెలుగు అని రాస్తే ఇంగ్లీషు పరీక్ష పెడతారు. మా పాప అప్పుడు రెండో తరగతి. సీతమ్మధారలో ఇంగ్లీషు మీడియమే చదివింది, కథల పుస్తకాలు తనంతట తనే చదివేది. ఇక్కడ కొత్త గదిలో కూర్చోబెట్టి, పిల్లలు మంచులో ఆడుకుంటున్న బొమ్మ చూపించి, ఏం జరుగుతోందో చెప్పమన్నారట. వైజాగ్ పిల్ల మంచు ఎక్కడ చూసింది? తల వంచుకుని కూర్చుండిపోయింది. మాట్లాడే భాగంలో అట్టడుగు స్కోరు వేశారు. నేను ఆఫీసు చుట్టూ తిరిగాను. పాప చదివిన పుస్తకాలు చూపించాను. కౌంటర్లో ఆవిడ కాగితం నా వైపు తిప్పి, స్కోరు మీద వేలు పెట్టి చూపించేది, అంతే. మిగతా పిల్లలు సైన్స్ చేస్తుంటే దీన్ని ఇంగ్లీషు నేర్పే వేరే క్లాసుకి పంపేవారు. ఇంటికొచ్చి "అమ్మా, నాకు ఇంగ్లీష్ రాదా?" అని అడిగేది. చివరికి క్లాసు టీచరే పాప రాసిన పేజీలు పట్టుకుని, ఆ క్లాసులో ఎవరుండాలో తేల్చే కమిటీ ముందు కూర్చుంది. మనం ఆ క్లాసు వద్దని రాసివ్వొచ్చు. కానీ ఇంగ్లీషు వచ్చేసిందని తేలేదాకా ఏటా టెల్‌పాస్ అనే ఇంగ్లీషు పరీక్ష మాత్రం తప్పదు.

శ్రీనివాస్, ప్లేనో:
ఇంత గొడవెందుకు, ఇంగ్లీష్ అని రాసేయండి. మా వాళ్ళంతా అదే చేశారు.

సుధ, ఫ్రిస్కో:
శ్రీనివాస్ గారూ, కొత్తగా వచ్చేవాళ్ళకి అబద్ధం రాయమని చెప్పకండి. నిజంగా భాష రాని పిల్లలకి ఆ క్లాసు ఎంతో సాయం. నా బాధంతా ఒక్క పూట పరీక్షతో పిల్లని తేల్చెయ్యడం గురించే.

రమణ, ఇర్వింగ్:
స్టార్ పోతే ఐదు నుంచి ఆరుకి పంపరు. అది గుర్తుంచుకోండి.

శ్రీనివాస్, ప్లేనో:
రమణా, ఆ రూలు 2021లోనే తీసేశారు. ఇప్పుడు అదనపు క్లాసులు పెడతారు. 2027-28 నుంచి స్టారే ఉండదు, ఏడాదికి మూడు చిన్న పరీక్షలు పెట్టేలా 2025లో చట్టం చేశారు.

రమణ, ఇర్వింగ్:
మూడైతే మూడుసార్లు టెన్షన్. అంతేగా?

లక్ష్మి, మధురవాడ (తిరిగి వచ్చేశాం):
మా అబ్బాయి ఇర్వింగ్‌లో మూడు, నాలుగు చదివాడు. ఆ తరగతుల్లో స్టార్ అంటే రీడింగ్, లెక్కలే. సైన్స్ ఐదులో, సోషల్ ఎనిమిదిలో వస్తాయి. అందుకని ఫిబ్రవరి నుంచి సైన్స్ పీరియడ్‌లో కూడా ప్రాక్టీసు పేపర్లే ఇచ్చేవారు. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లు వదిలి అంత దూరం వెళ్తే తొమ్మిదేళ్ళ వాడికి అక్కడా అదే. పిల్లలు రాసిన జవాబులు 2023 డిసెంబర్ నుంచి ముందు కంప్యూటరే దిద్దుతోంది, కొన్నే మనుషుల దగ్గరికి వెళ్తాయి. మార్కులకి ఉద్యోగాలు ముడిపెడితే ఏమవుతుందో అట్లాంటాలో చూశాం. టీచర్లు, వాళ్ళ పై అధికారులే పిల్లల జవాబులు మార్చారని 2015లో పదకొండు మందికి శిక్ష పడింది. ప్రసన్నా, బడి చూడ్డానికి వెళ్ళినప్పుడు మార్చిలో సైన్స్ వారానికి ఎన్ని గంటలు చెబుతారో అడుగు. నేనైతే రేటింగ్ కన్నా ముందు అదే అడుగుతాను.

ప్రసన్న, ఎంవీపీ కాలనీ:
చాలా థాంక్స్ అండీ. ఎనిమిది ఉన్న బడి దగ్గరే ఇల్లు చూస్తాం. బాబుకి ఇక్కడి నుంచి ఏం తేవాలి?

సుధ, ఫ్రిస్కో:
టీకాల కార్డు, టీసీ, మార్కుల కార్డులు ఎలాగూ తెస్తారు. వాడు సొంతంగా రాసిన ఇంగ్లీషు నోట్‌బుక్కులు రెండు, లెక్కల పుస్తకం ఒకటి సూట్‌కేసులో పెట్టుకోండి. మొదటి వారంలోనే క్లాసు టీచర్ చేతికి ఇవ్వండి, ఆఫీసులో ఇవ్వొద్దు.